మహానందిలో ముడి, టెక్సాస్‌లో డిక్రీ

మహానంది కోనేట్లో నీళ్లు ఏ కాలంలోనైనా అయిదడుగుల మట్టంలోనే ఉంటాయి. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా. ఆ నీళ్లే బయటికి పారి అరటితోటలను తడుపుతాయి. కిందటి జనవరిలో డాలస్ నుంచి వెళ్లినప్పుడు ఆ మెట్ల మీద కూర్చుని పెద్దమ్మ అడిగింది: “ఆడ కోర్టోళ్లు ఇచ్చిన కాయితం ఈడ చెల్తాదా నాయనా?”

ఆమె మనవరాలి పెళ్లి ఆ గుళ్లోనే జరిగింది. టెక్సాస్‌లో ఏడేళ్లు కాపురం చేశాక ఇద్దరూ విడిపోయారు. ఇప్పుడింకో సంబంధం వచ్చింది. అవతలివాళ్లు మంచివాళ్లే కానీ, వాళ్ల వకీలు ఒక మాటన్నాడట: అమెరికా విడాకులు ఇక్కడ చెల్లకపోతే రెండో పెళ్లి నేరమవుతుందని. అది విన్నప్పటినుంచీ పెద్దమ్మకు నిద్ర లేదు.

అమెరికా లోపలైతే ఈ దిగులు తక్కువ. ఒక రాష్ట్రం చట్టాలను, రికార్డులను, కోర్టు తీర్పులను మిగతా రాష్ట్రాలు పూర్తిగా నమ్మి గౌరవించాలని 1787లో రాసుకున్న రాజ్యాంగం నాలుగో అధికరణంలోనే ఉంది. మన రాజ్యాంగం 261వ అధికరణం చెప్పేదీ ఇదే. నంద్యాల సివిల్ కోర్టు ఆఖరు తీర్పును తుంగభద్ర అవతలా అమలు చేయించుకోవచ్చు. 2014లో ఒక రాష్ట్రం రెండైనా ఈ నమ్మకం తెగలేదు.

ఆ నమ్మకానికీ హద్దుంది. 1940లో ఉత్తర కెరొలినా నుంచి ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఎవరి సంసారం వాళ్లు వదిలి నెవాడా వెళ్లారు. అక్కడ ఆరు వారాలుండి విడాకులు తీసుకున్నారు, ఒకరినొకరు పెళ్లాడి తిరిగొచ్చారు. సొంత రాష్ట్రం వాళ్ల మీద కేసు పెట్టింది. నెవాడా డిక్రీని గౌరవించాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 1942లో అంది. వాళ్లు నిజంగా అక్కడ స్థిరపడ్డారా లేదా అన్నది మాత్రం సొంత రాష్ట్రం విచారించుకోవచ్చని 1945లో తేల్చింది.

ఇలాంటి కథే మన తెలుగువాళ్లదీ ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికా వెళ్లాడు. మిస్సోరీలో తొంభై రోజుల నివాసం చూపించి, కాపురం ఇక అతకదన్న కారణంతో విడాకులు పొందాడు. హిందూ వివాహ చట్టంలో ఆ కారణమే లేదు. భార్య అక్కడికి వెళ్లలేదు, అభ్యంతరం చెబుతూ జవాబు మాత్రం పంపింది. 1981లో యాదగిరిగుట్టలో అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ భారత్‌లో చెల్లదని మన సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది.

పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో, విడాకులూ ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, అది ఒప్పుకునే కారణంతోనే జరగాలన్నది ఆ తీర్పు సారం. మినహాయింపులున్నాయి. ఎదుటి మనిషి అక్కడే స్థిరంగా ఉంటున్నా, మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు హాజరై వాదించినా, మన చట్టంలోని కారణం మీదే విడాకులిచ్చి ఉంటే చెల్లుతాయి. విడాకులకు తనే సమ్మతించినా చెల్లుతాయి.

మావైపు పల్లెలో ఉన్న ఒక ఆడపిల్ల చేతికి ఇంగ్లీషులో సమన్లు వస్తే ఏం చేస్తుంది? వీసా ఎవరిస్తారు, విమానం ఖర్చు ఎవరు పెడతారు, అక్కడ వకీలును ఎలా వెతుక్కుంటుంది? ఆమె మాట వినకుండా తెచ్చిన కాగితాన్ని మన కోర్టు తోసిపుచ్చడం నాకు న్యాయంగా కనిపిస్తుంది. కానీ ఇద్దరూ ఇష్టపడి విడిపోయినా భయంభయంగా బతకాల్సి రావడం న్యాయం కాదు. ప్రవాసుల కుటుంబ వ్యవహారాలకు విడిగా చట్టాలు కావాలని లా కమిషన్ 2009లోనే చెప్పింది. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

“పిల్ల కోర్టుకు పోయిందా పెద్దమ్మా?” అని ఆ రోజు కోనేటి మెట్ల మీదే అడిగాను.

“రెండు తూర్లు పోయింది. ఇష్టపడే ఇడిపోతుండానని జడ్జి ముందర చెప్పిందంట.”

“అయితే అది గట్టి కాయితమే. ఆ మాట రాతలో ఉండాల, అంతే.”

డాలస్ తిరిగొచ్చాక ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని కోర్టు క్లర్కు ఆఫీసుకు వెళ్లాను. జిరాక్సు కాపీలు చాలవు. డిక్రీకి, ఆమె హాజరై సమ్మతించినట్టున్న పత్రాలకు సర్టిఫైడ్ కాపీలు తీసుకుని అపోస్టిల్ ముద్ర వేయించాం. సంతకం, సీలు అసలైనవేనని మాత్రమే ఆ ముద్ర చెబుతుంది. తీర్పు న్యాయమైనదని చెప్పేది ఆ పిల్ల జడ్జి ముందు చెప్పిన మాటే.

ఇక్కడ విడిపోతున్న మనవాళ్లను నేను కోరేది అదే. పెళ్లినాడు ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు కదా. విడిపోయేనాడూ ఇద్దరూ కోర్టుకు వెళ్లండి, ఎవరి మాట వాళ్లు చెప్పండి, ఆ రాతను జాగ్రత్తగా దాచుకోండి.

ఆ పత్రాలు పంపిన కవరు అందిన రాత్రి పెద్దమ్మ ఫోన్ చేసింది. ముహూర్తం పెట్టించుకోవడానికి పొద్దున్నే మహానందికి పోతోందట.