పోటు వేళ

సముద్రానికి దాదాపు 200 కిలోమీటర్ల ఎగువన ఉన్నప్పటికీ కలకత్తా వద్ద గంగానదికి సముద్రపు పిలుపు వినిపిస్తూనే ఉంటుంది. దినానికి రెండుమారులు పోటు తగిలినప్పుడు నది వెనుదిరిగి, తాను వచ్చిన దిక్కుకే నడుస్తుంది. నగరవాసులకు ఇందులో వింత లేదు. లాంచీ సరంగులు, నాటుపడవలవారు, రేవులలో స్నానానికి దిగే వృద్ధులు తమ పనులను ఈ ఆటుపోట్లను బట్టియే అమర్చుకుంటారు. కాని బలియా జిల్లాలో గంగ ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డుననే మెట్టి, నది తూర్పునకు పోవటమే తప్ప తిరిగి రావటం ఎరుగని స్త్రీకి అది నమ్మదగిన మాట కాదు.

“గంగామాయి వెనక్కు నడుస్తుందా?” అని ఆమె ప్రిన్సెప్ రేవు మెట్ల మీద నిలబడి భర్తను అడిగింది.

“ఇక్కడ నడుస్తుంది. అందుకే పడవవాడు కొంచెం ఆగమంటున్నాడు” అన్నాడు ఆయన.

2025వ సంవత్సరపు మాఘమాసం. మధ్యాహ్నం దాటినది. బ్రాహ్మీలిపిని 1837లో చదివి అశోకుని శాసనాలకు నోరిచ్చిన జేమ్స్ ప్రిన్సెప్ పేరిట కట్టిన స్తంభమండపం వారి వెనుక ఉన్నది. 1992లో తెరచిన విద్యాసాగర్ సేతువు తన ఉక్కుత్రాళ్ళతో నదికి అడ్డంగా వ్రేలాడుతున్నది. ఎదుటి ఒడ్డున హౌరా మసకగా కనిపిస్తున్నది.

ఆ భర్త 1979లో, పందొమ్మిదేళ్ళ వయసులో, హౌరా స్టేషనులో దిగి ఒక జనపనార మిల్లులో చేరాడు. అంతకుముందు అతని తండ్రి కూడా అట్లాగే వచ్చినవాడు. 1855లో రిష్‌రాలో మొదటి జనపనార మిల్లు నెలకొన్న తరువాత హుగ్లీకి ఇరువైపులా మిల్లుల గొట్టాలు వరుసగా లేచినవి. ఆ గొట్టాల క్రిందికి బీహారు నుండి, అయోధ్యకు తూర్పున ఉన్న జిల్లాల నుండి, ఒడిశా నుండి మనుష్యులు వచ్చారు. గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి తెలుగువారు కూడా వచ్చారు. టీటాగఢ్ వీథులలో ఆ కుటుంబాల వారసులు నేటికీ ఉన్నారు. వచ్చినవారు చాలవరకు మగవారే. వారి వెనుక ఊళ్ళలో ఆడవారు, పొలము, ముసలివారు మిగిలిపోయారు. నగరానికి 2001లో కోల్‌కతా అని పేరు మారినా భోజ్‌పురీ స్త్రీలకు అది కలకత్తాయే. వారి పాటలలో కలకత్తా ఒక ఊరు కాదు, సవతి.

ఆ దుఃఖాన్ని రంగస్థలం మీద నిలబెట్టినవాడు భిఖారీ ఠాకూర్. 1887లో సారన్ జిల్లాలో మంగలి ఇంట పుట్టి, 1971లో మరణించిన ఆ మహానటుని ‘బిదేసియా’ నాటకంలో భర్త భార్యను ఊళ్ళో విడిచి కలకత్తా పోతాడు; అక్కడ మరొక స్త్రీతో కాపురం పెడతాడు. ఈ భార్య తన చిన్ననాట పెట్రోమాక్స్ వెలుగులో ఆ ఆట చూచింది. అప్పుడది కథ మాత్రమే.

ఆమెకు పెళ్ళయి 44 ఏళ్ళు. భర్తకు ఏడాదికి ఒక నెల సెలవు. వ్రేళ్ళ మీద లెక్కవేస్తే వారి కాపురం నాలుగేళ్ళకు నిండలేదు. ఆయన పని విరమించి ఐదేళ్ళయినా గ్రాట్యుటీ సొమ్ము నేడు రేపు అంటూ చేతికి రాలేదు. అది వచ్చిన తరువాత వస్తానని చెప్పి ఆయన కూలి లైనులోని ఆ చిన్న గదిలోనే ఉండిపోయాడు. ఇక చాలునని ఆమెయే బయలుదేరి వచ్చింది. ఆమెకు కలకత్తా చూపవలెనని ఆయన గూడుపడవ కుదిర్చాడు.

పోటు అందుకొన్నది. నీటిమీద తేలుతున్న గుర్రపుడెక్క గుత్తి ఒకటి ఆగి, చుట్టూ తిరిగి, ఉత్తరానికి కదలినది. ఆమె దానినే చూస్తూ కూర్చున్నది. పడవవాడు తెడ్డుకు పెద్దగా పని చెప్పకుండానే పడవను ప్రవాహంలోకి విడిచాడు.

“అటు ఏమున్నది?” అని ఆమె దక్షిణంగా చేయి చూపింది.

“ఖిదిర్‌పూర్. ఓడల రేవు. అక్కడినుంచి మనవాళ్ళు ఓడలెక్కి దూరదేశాలకు పోయారు.”

1834లో మారిషస్ చెరకు తోటలకు, తరువాత గయానాకు, ట్రినిడాడ్‌కు, 1873 నుండి సూరినామ్‌కు ఒప్పందపు కూలీలు ఈ నదిమీదుగానే పోయారు. వారిలో భోజ్‌పురీ పల్లెలవారు వేలకు వేలు. 1917లో ఆ ఎగుమతి ఆగింది. ఆమె ఆ దిక్కుకు చేతులు జోడించి, మళ్ళీ ఉత్తరం వైపు తిరిగింది.

రేవులు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. రాణీ రాస్‌మణి భర్త 1830లో కట్టించిన బాబూఘాట్‌లో నూనె మర్దనలవారు, మంగళ్ళు, పురోహితులు ఎవరి గొడుగు క్రింద వారు కూర్చున్నారు. లాంచీలు కూత వేస్తూ ఆఫీసు జనాన్ని హౌరా వైపు దింపి, అంతమందినీ తిరిగి ఎక్కించుకొని వస్తున్నవి. లాంచీ దాటిన ప్రతిసారీ గూడుపడవ ఊగుతున్నది. ఆమె గూటి వెదురును పట్టుకొంటున్నది.

“భయపడకండి, మాసీమా. పెద్దవాడు తోసుకు పోతాడు, చిన్నవాడు ఊగి ఊరుకుంటాడు” అన్నాడు పడవవాడు.

ఆర్మీనియన్ ఘాట్ వచ్చినది. హౌరా నుండి 1854లో మొదటి రైలు కదలినప్పుడు నదికి వంతెన లేదు. కలకత్తావారు ఈ ఒడ్డుననే టిక్కెట్టు కొని, పడవలో నది దాటి రైలెక్కేవారు. 1874లో పడవల వరుసపై తేలే వంతెన వేశారు; ఓడ వస్తే నడుమ విప్పి దారి ఇచ్చేవారు. 2024 మార్చి నుండి నది అడుగున సొరంగంలో మెట్రో రైలు పోతున్నది. అందులోనివారు ముక్కాలు నిమిషంలో గంగను దాటిపోతారు. నది దాటినట్లు వారికి తెలియనైనా తెలియదు.

హౌరా వంతెన నీడ పడవమీద పడినది. 26,500 టన్నుల ఉక్కు, నది నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా, 1943 నుండి ఆ విధంగా నిలిచి ఉన్నది. 1965లో దానికి రవీంద్ర సేతువని పేరిడినా జనం నోట హౌరా వంతెనగానే మిగిలినది. పైనుండి వేల పాదాల చప్పుడు, బస్సుల రొద దిగివస్తున్నవి. తూర్పు ఒడ్డున మల్లిక్ ఘాట్ పూలసంత. మెట్లపై నలిగిన బంతిపూలు పసుపు తివాచీ వలె పరచుకొని ఉన్నవి.

“ఆ మెట్లు చూడు” అన్నాడు భర్త. “మిల్లు మూసివేసినప్పుడు నేనక్కడ ఉన్నాను.”

“మిల్లు మూసివేశారా? ఎప్పుడు?”

“పెద్దవాడు అయిదో తరగతి చదివిన ఏడు. పధ్నాలుగు నెలలు తలుపులు తీయలేదు. తెల్లవారుజామున పల్లెల నుంచి పూల మూటలు రైళ్ళలో వచ్చేవి. అవి మోసేవాడిని. రాత్రి ఆ మెట్లమీదనే పడక.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

“పూలా?” అన్నది చివరకు.

“పూలే. తడిసిన బంతిపూల మూట వడ్ల బస్తాతో సమానం.”

“రెండేళ్ళు ఊరికి రాలేదు మీరు. మనియార్డరు మాత్రం వచ్చేది, అదీ సగానికి సగం. నేను ఇంకొకటి అనుకున్నాను.”

“ఏమనుకున్నావు?”

“ఆటలో చూపించినదే.”

ఆయనకు నవ్వు వచ్చింది. కాని ఆమె ముఖం చూచేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయినది. ముప్పదేళ్ళకు పైగా ఆమె ఆ అనుమానాన్ని కొంగుముడిలో నాణెం వలె ఎవరికీ చూపకుండా మోసింది.

“అడగకపోయినావా?”

“ఉత్తరం పోస్టుమాస్టరుగారి చేత వ్రాయించేదాన్ని. ఆ మాట ఆయన చేత ఎట్లా వ్రాయిస్తాను? మీరైనా చెప్పకపోయినారా?”

“వట్టిచేతులతో ఊరు రాలేక రాలేదని నేను మాత్రం ఎవరి చేత వ్రాయించేది?”

తాము వ్రాయలేనివారు కావటం వల్ల ఆ ఇద్దరి మధ్య ఇంత కాలం ఒక మూడవ మనిషి చేయి, ఆ చేతి వెనుక సిగ్గు నిలిచిపోయినవి. తరువాతి కాలంలో ఇంటింటికీ టెలిఫోను వచ్చినది గాని, అప్పటికి ఆ ప్రశ్న పాతబడి, అడిగేందుకు వీలులేనంతగా గట్టిపడినది.

వంతెన దాటిన తరువాత నది కొంత నెమ్మదించినది. నీమ్‌తలా శ్మశానం మీద పొగ తిన్నగా లేస్తున్నది. 1941 ఆగస్టు 7న రవీంద్రనాథుని దేహాన్ని కడలివంటి జనం ఇక్కడికే తెచ్చారు. పడవవాడు తెడ్డు ఎత్తి నమస్కరించి, మళ్ళీ దించాడు. అహిరీతోలా, శోభాబజార్ దాటినవి. కుమార్‌తులీ రేవులో విగ్రహాలకు వాడే బంకమట్టి పడవ నుండి దింపుతున్నారు.

“ప్రతి కార్తికంలో మీ పేర ఆకుదొన్నెలో దీపం విడిచేదాన్ని” అన్నది ఆమె. “మీ అమ్మగారు నేర్పినదే. మీ నాన్నగారి కోసం ఆమె విడిచేదట. ఆ దీపాలు ఇక్కడికి వచ్చేవంటారా?”

కలకత్తా మీదుగా పారే భాగీరథి గంగకు ఒక పాయ మాత్రమే. దాని మొదలు ఇసుక మేటవేసి, వేసవి నెలలలో గంగతో సంబంధం తెగిపోయేది. 1975లో ఫరక్కా ఆనకట్ట పూర్తి అయి, సుమారు 38 కిలోమీటర్ల కాలువ ద్వారా గంగనీరు ఏడాది పొడుగునా ఈ పాయలోకి రావటం మొదలైనది. కలకత్తా రేవు పూడిపోకుండా కాపాడటమే దాని ఉద్దేశం. దిగువన తూర్పు బెంగాలు నీటికి కలిగిన లోటుపై రెండు దేశాల మధ్య వివాదం నడిచి 1996లో ఒడంబడిక కుదిరినది. ఆ సంగతులన్నీ ఆయనకు అక్కర లేదు. రేవులో విన్నంతవరకు చెప్పాడు.

“నేను వచ్చేసరికే కాలువ త్రవ్వి ఉన్నారు. దీపం ఆరిపోయి ఉండవచ్చు. నీరు మాత్రం వచ్చింది.”

ఆమె వంగి దోసెడు నీరు తీసి, కళ్ళకద్దుకొని, నదిలోనే విడిచింది.

బాగ్‌బజార్ రేవు చేరేసరికి పోటు తీరినది. నీరు ఎటూ కదలక ఒక్క క్షణం అద్దమై నిలిచినది. ఆటు మొదలయ్యేలోగా తాను తిరిగిపోవలెనని పడవవాడు తొందర చేశాడు. కూలి చెల్లించే నిమిత్తం భర్త చొక్కా జేబులో చేయి పెట్టి, ఆ జేబులోనే మడచి ఉన్న మిల్లు కాగితాన్ని తాకి ఆగాడు.

“గ్రాట్యుటీ సంగతి ఇంకా తేలలేదు” అన్నాడు, ఎవరో అడిగినట్లు.

“ఇన్నేళ్ళూ డబ్బు ఇంటికి వచ్చింది, మీరు ఇక్కడ ఉండిపోయారు” అన్నది ఆమె. “ఇకమీదట డబ్బు ఇక్కడ ఉండనివ్వండి. మీరు ఇంటికి రండి.”

ఆయన బదులు చెప్పలేదు. పడవవానికి డబ్బిచ్చి, ముందుగా తాను మెట్టుమీద కాలుపెట్టి, ఆమెకు చేయి అందించాడు. ఊళ్ళో నలుగురి ఎదుట ఆ చేయి ఎన్నడూ అందినది కాదు. ఆమె ఒక్కసారి అటూ ఇటూ చూచి పట్టుకొన్నది.

వెనుక నీరు దక్షిణానికి మళ్ళినది. గూడుపడవ తేలికగా వెళ్ళిపోయినది. హౌరాకు పోయే లాంచీ ఎన్ని గంటలకని ఆయన టిక్కెట్టు కిటికీ వద్ద అడిగాడు. ఎన్ని టిక్కెట్లని లోపలినుండి ప్రశ్న వచ్చినది.

“రెండు” అన్నాడు ఆయన.