రాజధానండీ, మన పెనుకొండ!

మాది బత్తలపల్లి. ధర్మవరంలో రైలెక్కి బెంగళూరికి ఎన్నిసార్లు పోయుంటానో లెక్కే లేదు. పోయినప్పుడల్లా కిటికీలోంచి పెనుకొండ కొండ కనబడేది. "హిందూపురం దగ్గరికొచ్చినాం" అనుకుని మళ్లీ కళ్లు మూసుకునేవాణ్ని. మొన్న ఆదివారం మొదటిసారి అక్కడ దిగాను. అప్పట్నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు!

రాజధానండీ! సాక్షాత్తూ విజయనగర సామ్రాజ్యపు రాజధాని! స్టేషన్లో కొన్న చెనిక్కాయల పొట్లం అయిపోయేలోపు వచ్చే ఊరు!

హంపి కూలడంతో రాయల కథ అయిపోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అయిపోలేదు! 1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు చక్రవర్తి సదాశివరాయల్ని వెంటబెట్టుకుని, ఖజానాను ఏనుగులకెత్తించుకుని ఇక్కడికే వచ్చాడు. 550 ఏనుగులని చరిత్రకారులు రాశారు! ఆ వరుస ఈ చిట్టడవుల్లోంచి నడిచొస్తుంటే ఎంత దుమ్ము లేచుంటుందో! తర్వాత చంద్రగిరికి తరలిపోయేదాకా సింహాసనం ఇక్కడే!

అసలు అంతకు రెండు వందల ఏళ్ల ముందే, బుక్కరాయల కాలంలోనే, ఇక్కడ కోట లేచింది. ఉత్తర ద్వారం దగ్గర 1354 నాటి శాసనం ఆ సంగతే చెబుతుంది. ఎర్రమంచి వాకిలి అంటారు ఆ ద్వారాన్ని. కియా కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఎర్రమంచే! లోపల దాదాపు 11 అడుగుల ఆంజనేయుడు! తలెత్తి చూసి చూసి మెడ పట్టేసింది.

ఇక గగన్ మహల్!

కింద చూస్తే సుల్తానుల కట్టడాల్లో ఉండే మొనదేలిన కమానులు. పైకి చూస్తే మన గుడి గోపురంలాంటి మెట్ల శిఖరం. రెండూ ఒకే మేడలో, ఒకదాన్నొకటి ఎప్పట్నుంచో ఎరిగినట్టు! బయట ఎండ మాడ్చేస్తోంది. లోపలికి అడుగుపెట్టి సున్నపు గోడకు అరచెయ్యి ఆనించాను. కుండలో నీళ్లంత చల్లగా ఉంది! అరచెయ్యి తీయబుద్ధి కాలేదు. గచ్చు పెచ్చులూడిన చోట లోపలి రాయీ, మధ్యలో సున్నమూ కనబడ్డాయి. ఏ మేస్త్రీ మెత్తాడో ఆ సున్నం!

అక్కడ మేకలు తోలుకుపోతున్న పెద్దాయన నా వాలకం చూసి ఆగాడు. "ఏం నాయనా, గోడకు అతుక్కుపోయినావు?"

"రాజుల ఇల్లు కదా తాతా!"

"రాజులదేముందిలే, రాముని గుడి చూసినావా?"

చూశాను తాతా, పరుగెత్తుకుంటూ పోయి చూశాను! యోగరాముడి గుడీ, కాశీ విశ్వేశ్వరుడి గుడీ పక్కపక్కనే. ఒకదాని గోడల నిండా రామాయణం, ఇంకోదాని నిండా శివుడి కథలు. ఒక్కో బొమ్మ జానెడో మూరెడో, ఒకదాని వెనక ఒకటి! వేలితో వెంటాడుతూ గోడ చుట్టూ తిరిగాను. ఇదే ఊళ్లో పార్శ్వనాథుడి జైన బసది! బాబయ్య దర్గా! ఎన్ని మొక్కులు, ఎన్ని అగరొత్తుల వాసనలు ఒక్క కొండ నీడలో!

ఇంకా కొండెక్కనేలేదు నేను! పై కోట మిగిలే ఉంది. వచ్చే ఆదివారం తెల్లారకముందే బయల్దేరుతున్నా, నీళ్ల సీసాలు రెండు, మా పిల్లలిద్దరూ. మీరూ రండి! ఈసారి ఆ కొండ కిటికీలో కనబడగానే సంచి భుజాన వేసుకుని దిగిపోండి. మీరూ చూడండి!