ఒక్క పేరు మీద ఖాతా

జనవరి 19, 2024

డిక్రీ కాపీ చేతికొచ్చింది. హిందూ వివాహ చట్టం, సెక్షన్ 13-బి, పరస్పర అంగీకారం. ఇరవై రెండేళ్ల కాపురం గురించి అందులో ఉన్నవి పెళ్లి తేదీ, పిల్ల పేరు, డబ్బు సంగతులు. ఎక్కువ భాగం డబ్బు సంగతులే. చదువుతుంటే మొదట చిన్నతనంగా అనిపించింది. కోర్టు మాత్రం అంతకన్నా ఏం రాస్తుంది? ఎవరి తప్పెంతో లెక్కకట్టే పని దానికి మేం పెట్టలేదు.

జనవరి 28

అమ్మ ఫోన్. "ఇల్లు వదులుకున్నావటే! నిలువ నీడ లేకుండా చేసుకున్నావు కదే" అని ఏడుపు. గుడివాడలో మా బంధువులందరిదీ ఇదే మాటట.

అమ్మకి లెక్క చెప్పాను. ఫ్లాటు ధర 75 లక్షలు పలుకుతుంది, నిజమే. దాని మీద ఇంకా 31 లక్షల అప్పుంది. నెలకి 34 వేలు వాయిదా. నా జీతం 42 వేలు. మిగిలిన 8 వేలతో పిల్ల ఫీజు కట్టాలా, బియ్యం కొనాలా? మన చట్టంలో కాపురంలో కూడబెట్టినదాంట్లో భార్యకి సగం అనే మాటే లేదు, గోవాలో తప్ప. బేరం ఆడుకోవాల్సిందే. ఆయన ఫ్లాటు ఉంచుకుని 26 లక్షలు ఒకేసారి ఇచ్చాడు. నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం అమ్మి ఆ ఫ్లాటుకి అడ్వాన్సు కట్టాం. ఆ పొలం అమ్మకం దస్తావేజు, సొమ్ము నా పాస్‌బుక్కులోంచి బిల్డరుకి వెళ్లిన పేజీ రెండూ దొరకబట్టే ఆ అంకె అంతదాకా వచ్చింది. మా లాయరమ్మ కన్నీళ్లు వినదు, కాగితాలు అడుగుతుంది. మంచి మనిషి.

నెలనెలా భరణం ఎందుకు అడగలేదంది తమ్ముడి భార్య. నెలనెలా వచ్చేది ఆదాయం కింద లెక్క, పన్ను పరిధిలోకి వస్తుంది. ఒకేసారి ఇచ్చేది మూలధనం అంటారని మా కంపెనీ ఆడిటరు గారు చెప్పారు. అసలు కారణం అది కాదు. ప్రతి ఒకటో తారీఖునా ఒక మనిషి బుద్ధి ఎలా ఉందో చూసుకుంటూ బతకడం నా వల్ల కాదు.

ఫిబ్రవరి 2

బ్యాంకు నుంచి ఉత్తరం. ఇంటి అప్పులోంచి నా పేరు తీసేశారు. విడాకులైనా అప్పు మీద సంతకం పెట్టినవాళ్లిద్దరూ బ్యాంకుకి బాకీదారులే. కోర్టు కాగితం చూపిస్తే బ్యాంకు ఊరుకోదు. రేపు ఆయన వాయిదా తప్పితే నా సిబిల్ స్కోరు కూడా పడుతుంది. ఈ ఉత్తరం వస్తేనే ఫ్లాటులో నా హక్కు వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాస్తానని ఒప్పందంలోనే పెట్టించాను. సోమవారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు.

ఫిబ్రవరి 11

పీఎఫ్ వడ్డీ 8.25 శాతం అని నిన్న ప్రకటించారు. పోయినేడు 8.15. పేపర్లో ఆ వార్త చూసి, ఎంతైనా ఉందో చూద్దామని పీఎఫ్ సైటు తెరిచాను. నామినీ దగ్గర ఇంకా ఆయన పేరే.

విడాకులైనంత మాత్రాన ఏ పేరూ దానంతటది మారదు. ఆదివారం పూటంతా ఇదే పని. పీఎఫ్‌లో ఈ-నామినేషన్, ఆధార్ ఓటీపీతో అయిపోయింది. గ్రాట్యుటీకి ఫారం 'ఎఫ్' ఎప్పుడో 2009లో చేరినప్పుడు ఇచ్చాను, దాన్ని మార్చడానికి ఫారం 'హెచ్'. సేవింగ్స్ ఖాతా, ఎల్‌ఐసీ పాలసీ, గ్యాస్ కనెక్షన్. లాకరు ఇద్దరి పేర్నా ఉంది, అది ఇద్దరం వెళ్లి అప్పగించాలి. అందులో నా గాజులు, అమ్మమ్మ కాసుల పేరు. వాటి మీద హక్కు నాదేనని హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఉండనే ఉంది. ఆయన కూడా కాదనలేదు. అందరూ అనుకునేంత చెడ్డవాడు కాదు.

డబ్బు ఎక్కడ దాచాలి అని అందరూ అడుగుతారు. ఎవరి పేరు మీద ఉంది అని ఎవరూ అడగరు. నా దృష్టిలో అదే ముందు.

మార్చి 3

సొమ్ము వచ్చిందని వాసన తగిలినట్టుంది, వరసకి బాబాయి అయ్యే ఏజెంటుగారు స్వీట్లు పట్టుకుని వచ్చారు. "ఏటా లక్షన్నర కట్టమ్మా, పన్ను ఆదా, పదిహేనేళ్లకి ఇంత" అని కాగితం మీద గీశారు. నాకు పన్నే లేదు. కొత్త విధానంలో 7 లక్షల దాకా పన్ను రిబేటులో పోతుంది, నా జీతం ఏడాదికి 5 లక్షల పైచిలుకు. లేని పన్నుని ఎలా ఆదా చేస్తారు బాబాయ్ అంటే నవ్వేశారు. ఆయన గీసిన అంకెలతో వడ్డీ వెనక్కి కట్టి చూస్తే 5 శాతం చిల్లర తేలింది. పీపీఎఫ్ 7.1 ఇస్తోంది. స్వీట్లు బాగున్నాయి.

మార్చి 28

పీపీఎఫ్ ఖాతా తెరిచాను. అందరూ ఏప్రిల్లో తెరవమన్నారు. కావాలనే మార్చిలో తెరిచాను. పదిహేనేళ్ల గడువు లెక్కపెట్టేది ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి. ఇవాళ తెరిస్తే 2039 ఏప్రిల్ 1కి చేతికొస్తుంది. ఐదు రోజులు ఆగితే 2040. అప్పటికి నాకు 62 నిండుతాయా, 63 నిండుతాయా అన్న తేడా. ఇంకో సంగతి: ఐదో తారీఖు లోపల వేస్తేనే ఆ నెల వడ్డీ. ఆరో తారీఖున వేసినవాడికి ఆ నెల లేదు. కంపెనీ పుస్తకాలు రాసే వృత్తిలో బతికిందానికి ఇలాంటివి దొరికితే పండగ.

ఏప్రిల్ 9, ఉగాది

గుళ్లో పంచాంగ శ్రవణం. నా రాశికి ఆదాయం కన్నా వ్యయం ఎక్కువట. పంతులుగారికి ఎవరో చెప్పినట్టున్నారు.

ఆ వ్యయాల్లో పెద్దది ఆరోగ్య బీమా. ఇన్నాళ్లూ ఆయన ఆఫీసు గ్రూపు పాలసీలో ఉన్నాను. డిక్రీతో అది పోయింది. జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్‌ఐ వర్తించదు. 47 ఏళ్లు, థైరాయిడ్, కాస్త బీపీ. దాచకుండా అన్నీ రాసి 5 లక్షల పాలసీ తీసుకున్నాను. ముందునుంచీ ఉన్న జబ్బులకి వేచి ఉండాల్సిన గడువు ఈ నెల నుంచి నాలుగేళ్ల బదులు గరిష్ఠంగా మూడేళ్లే. మూడేళ్లు జాగ్రత్తగా ఉండాలి, అంతే.

మే 12

ఇవాళ రిటైర్మెంటు లెక్క వేశాను. చాలా రోజులుగా వాయిదా వేస్తున్నది.

పిల్ల ఖర్చు తీసేస్తే నా ఒక్కదానికి నెలకి 22 వేలు. ఏటా ధరలు 6 శాతం పెరుగుతాయనుకుంటే, 2035లో నేను రిటైరయ్యేనాటికి అదే బతుకు బతకడానికి 42 వేలు కావాలి. పైన సినిమాలు లేవు, తీర్థయాత్రలు లేవు.

రాబోయేది ఏమిటి? పీఎఫ్‌కి మా కంపెనీ 15 వేల పరిమితి మీదే కడుతుంది. నా వాటా 1,800, వాళ్లది 1,800. వాళ్లదాంట్లో 1,250 పెన్షన్ పథకానికి పోతుంది, పీఎఫ్‌లో పడేది 550. పెన్షన్ సూత్రం అందరికీ తెలిసిందే: జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకి పరిమితి 6,500. ఎన్నిసార్లు వేసినా ఐదు వేల పై చిల్లరే వస్తోంది. ఇరవై ఆరేళ్లు పనిచేస్తే ఐదు వేలు. పైగా దానికి డీఏ ఉండదు, ధరలతోపాటు పెరగదు. ప్రభుత్వోద్యోగుల పెన్షన్ చూసి మనకీ ఏదో వస్తుందిలే అనుకునే ప్రైవేటువాళ్లు ఈ లెక్క ఒక్కసారైనా వేసుకోవాలి.

గ్రాట్యుటీ కొంత నయం. సూత్రం: చివరి బేసిక్ ఇంటూ 15 బై 26 ఇంటూ సర్వీసు. నా సర్వీసు సరిగ్గా 26 ఏళ్లవుతుంది, పైనా కిందా ఎగిరిపోయి పదిహేను బేసిక్‌లు మిగులుతాయి. ఇప్పటి 21 వేల మీదైతే 3 లక్షల 15 వేలు.

26 లక్షల్లో 20 లక్షలు కదపకుండా 7 శాతం మీద పదకొండేళ్లు ఉంచితే 42 లక్షలవుతుంది. 60 దాటాక అందులోంచి 30 లక్షలు సీనియర్ సిటిజన్ల పథకంలో పెడితే, ఇప్పటి 8.2 శాతం లెక్కన మూడు నెలలకి 61,500. అంటే నెలకి 20,500. పెన్షన్ కలిపితే 26 వేలు. కావాల్సింది 42. మిగతా 16 వేలు ఈ పదకొండేళ్ల జీతంలోంచి పుట్టాలి.

భయపడతాననుకున్నాను. అంకె కనబడ్డాక భయం తగ్గింది.

మే 20

వీపీఎఫ్‌కి, అంటే పీఎఫ్‌లో నా ఇష్టంకొద్దీ వేసుకునే దానికి, నెలకి 6 వేలు అదనంగా కోయమని హెచ్‌ఆర్‌కి రాసిచ్చాను. అదే 8.25 శాతం. "ఇంత ఎందుకు మేడం, చేతికి తక్కువొస్తుంది" అన్నాడా కుర్రాడు. చేతికి రాకూడదనే.

జూన్ 14

ఆఫీసుకి బస్సే. తెలంగాణలో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణమని మహాలక్ష్మి పథకం వచ్చాక జీరో టికెట్. కండక్టరు ఆధార్ చూసి టికెట్ చింపి ఇస్తాడు. నెల పాసుకయ్యే డబ్బు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్లో వేస్తున్నాను. ప్రభుత్వం ఆడవాళ్లని సోమరుల్ని చేస్తోందని పక్కసీటాయన ఉపన్యాసం. ఆయన దిగేదాకా విన్నాను.

జూలై 23

బడ్జెట్. బంగారం మీద దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. సాయంత్రానికి అమ్మ ఫోన్: "రేటు పడిందట, పిల్లకి నాలుగు కాసులు కొనిపెట్టు." ఇండెక్స్ ఫండులో వేస్తున్న 4 వేల సిప్ గురించి అమ్మకి చెప్పలేదు. అందులో లాభం మీద పన్ను 10 నుంచి 12.5 శాతం అయింది, లక్షా పాతిక దాకా మినహాయింపు. పదకొండేళ్ల తర్వాతి సంగతి, అప్పటికి ఎన్ని బడ్జెట్లు మారతాయో.

ఆగస్టు 18

కింది వాటా వాళ్లావిడ చిట్టీ వేయమంది. 5 లక్షలది, పాతిక నెలలు. "మనలో మనం వదినా, కాగితాలెందుకు" అంది. 1982 చట్టం ప్రకారం చిట్టీకి ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. వేయనన్నాను. రెండు రోజులుగా మాట్లాడ్డం లేదు.

అక్టోబరు 6

తమ్ముడు వచ్చాడు. అసలు సంగతి భోజనాలయ్యాక బయటపెట్టాడు. "పిల్ల ఫైనలియర్‌కి వచ్చింది కదక్కా. ఎమ్మెస్‌కి పంపవా? 26 లక్షలు ఉంచుకుని ఏం చేస్తావు?"

మా ఇళ్లలో ఇది ప్రశ్న కాదు. తీర్పు. ఆడదాని చేతిలో ఉన్న సొమ్ము పిల్లల అమెరికాకి ఆగి ఉన్న సొమ్మే. దానికి ఇంకో పని ఉంటుందని ఎవరికీ తట్టదు. ఆయన ఫ్లాటు అమ్మి పంపమని ఎవరూ ఆయన్ని అడగలేదు.

నేను మాట్లాడేలోపే పిల్ల అందుకుంది. "మామయ్యా, నేనడిగానా? ముందు ఉద్యోగం చేస్తాను. తర్వాత కావాలంటే లోను తీసుకుంటా."

లోను అంత తేలిక కాదని దానికి రాత్రి చెప్పాను. విద్యారుణానికి తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి. అక్కడ ఉద్యోగం రాకపోతే వాయిదా నా జీతంలోంచి పోతుంది. 58 దాటాక జీతమే ఉండదు. కాబట్టి నేను సంతకం పెట్టే మొత్తానికి ఒక హద్దు ఉంటుందనీ, ఆ పైది దాని నాన్న పెట్టాలనీ చెప్పాను. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత, "ముసలైపోయాక నా దగ్గరకొచ్చి ఉండవా?" అంది.

వస్తాను, చుట్టంలా. నా మందులు నేను కొనుక్కునేట్టుంటేనే ఆ చుట్టరికం బావుంటుంది. ఇది పిల్ల మీద నమ్మకం లేక కాదు. అత్తగారు మా ఇంట్లో ఉన్న చివరి ఆరేళ్లు, కొడుకుని నూరు రూపాయలు అడగడానికి ఆవిడ ఎంతసేపు గుమ్మంలో తచ్చాడేదో చూశాను.

డిసెంబరు 22

వీలునామా రాశాను. నామినీలు మార్చావు కదా, ఇంకెందుకు అంది పిల్ల. నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషి, చాలావాటిలో వారసుడు కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఈ మాటే చెప్పింది. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. నా సంతకం, చూసినట్టు ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా నేను చేయిస్తున్నాను, జనవరిలో.