ఉస్తాద్‌ను మించిన షాగిర్ద్?

పోయిన నెల నార్కట్‌పల్లిలో ఉన్న మా ఆపా మష్వరాకని పిలిచింది. మా ఖాందాన్‌లో మష్వరా అంటే ముందే ఫైసలా చేసుకుని దాని మీద నాతో మొహర్ వేయించుకోవడం. ఈసారి అలా లేదు. అమ్మీ అబ్బూలది ఒక ఫైసలా, కొడుకుది ఇంకొకటి.

భాంజా మెకానికల్ డిప్లొమా చదివాడు. ఐదేళ్లుగా హైదరాబాద్‌లో ఒక పాత, పేరున్న కంపెనీలో మెషీన్ మీద పని చేస్తున్నాడు. పీఎఫ్ ఉంది, క్యాంటీన్ ఉంది, నెల మొదట్లో జీతం పడుతుంది. ఇప్పుడు అది వదిలేసి రాకెట్ల విడిభాగాలు చేసే ఒక చిన్న స్టార్టప్‌లో చేరతానంటున్నాడు. జీతం కొంచెం ఎక్కువే. కాకపోతే ఆ కంపెనీ పుట్టి మూడేళ్లు. ఇంట్లో చెల్లి నికాహ్ ముందుంది.

దుల్హాభాయ్‌ది అద్దంకి రోడ్డు మొదలయ్యే దగ్గర వెల్డింగ్ షాపు. ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు, బోరుబండ్ల మరమ్మతులు. ఆయన సవాల్ సీదాగా వచ్చింది. "ఫోన్‌లో యాప్‌లు చేసే పోరగాళ్లంటే సరే. ఇది ఇనుము. ఇనుము ముందర మాటలు నడవవు. యాభై ఏళ్ల కంపెనీకి చేతగానిది వీళ్లతోని ఏమైతది?"

"స్కైరూట్‌తోని కాలేదా అబ్బూ?" అన్నాడు భాంజా.

ఆ రోజు నాకు బాగా యాద్ ఉంది. 2022 నవంబర్ 18, జుమ్మా. గుసుల్ చేసి మస్జిద్‌కు పోయే ముందు ఫోన్ పట్టుకు కూర్చున్నాను. ఉదయం 11:30కి శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ లేచింది. ఆరు మీటర్ల రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయి సముద్రంలో పడింది. దేశంలో ప్రైవేటు కంపెనీ ఎగరేసిన మొదటి రాకెట్ అది. చేసింది 2018లో పుట్టిన హైదరాబాద్ కంపెనీ. దాని మోటారు పేరు కలాం-80. ఆ పేరు విని నా దిల్ ఖుష్ అయింది, దాచుకోను.

కానీ అఖ్బార్ నౌకరీ చేసేవాడికి ఖుషీ ఎక్కువసేపు నిలవదు. పైకి పోయి పడడం వేరు, భూమి చుట్టూ తిరగడం వేరు. తిరగాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. అసలు ఇమ్తిహాన్ ఎత్తు కాదు, ఆ వేగం. పైగా కంపెనీ పెట్టిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్లే. ఎగరేసిన జాగా కూడా ఇస్రోదే.

అందుకే దుల్హాభాయ్‌ను అడిగాను, ఉస్తాద్ దగ్గర ఎన్నేళ్లు చేశారని.

"ఏడేళ్లు."

"మరి ఉస్తాద్‌ను వదిలి వచ్చాక గిరాకీ మీకే ఎక్కువైంది కదా. ఎందుకు?"

నవ్వాడు. "ఉస్తాద్ గేటు డిజైన్ మార్చడు. గిరాకీ ఎట్లాగూ వస్తుంటే ఎందుకు మారుస్తడు?"

నాకు కావలసిన జవాబు ఆయనే ఇచ్చాడు. మనుషులను అంతరిక్ష కేంద్రానికి చేర్చమని 2014లో నాసా ఇద్దరికి కాంట్రాక్ట్ ఇచ్చింది. 1916 నాటి బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, 2002లో పుట్టిన స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్లు. స్పేస్‌ఎక్స్ 2020 మేలోనే మనుషులను పంపింది. బోయింగ్ 2024 జూన్‌లో సునీతా విలియమ్స్‌ను, బుచ్ విల్మోర్‌ను తీసుకెళ్లింది, తన క్యాప్సూల్‌ను ఖాళీగా వెనక్కి తెచ్చుకుంది. వాళ్లిద్దరినీ 2025 మార్చిలో దించింది స్పేస్‌ఎక్సే. బోయింగ్‌కు ఇల్మ్ తక్కువా? కాదు. గిరాకీ ఎక్కడికీ పోదన్న భరోసా ఎక్కువైందని నా ఖయాల్.

"అయితే పోవచ్చు కదా మామూ!" అన్నాడు భాంజా. ఠహర్ జా బేటా అన్నాను.

ఈ పనిలో ఓటమి ఫీజు లాంటిది, కట్టక తప్పదు. 1979 ఆగస్టు 10న కలాం సాహెబ్ నడిపించిన ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. విలేకరుల ముందు జిమ్మేదారీ తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జులై 18న అది కామ్‌యాబ్ అయినప్పుడు మాత్రం మాట్లాడమని కలాంను ముందుకు పంపాడు. కలామే ఎన్నోసార్లు చెప్పుకున్న ముచ్చట ఇది. ఆ ఫీజు సర్కారు కట్టింది. స్పేస్‌ఎక్స్ మొదటి మూడు రాకెట్లు పోయాయి, నాలుగోది 2008 సెప్టెంబర్‌లో నిలబడింది. అదే డిసెంబర్‌లో నాసా 160 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చి ఆదుకుంది. మరి భాంజా చేరబోయే కంపెనీ మూడుసార్లు ఓడితే? యజమానుల నష్టం పెట్టుబడిదారులు మోస్తారు. వీడి నష్టం మోసేది ఈ ఇల్లు. స్టార్టప్ గెలుస్తుందా అన్నది కాదు మన ముందున్న సవాల్. గెలిచేదాకా ఆపా ఇల్లు ఎన్ని నెలలు ఆగగలదన్నది.

దస్తర్‌ఖాన్ మీదే లెక్క వేశాం. నికాహ్ చిట్టీకి ఇంకా పద్నాలుగు నెలలు. జీతం ఆగితే ఆరు నెలలు తాను కడతానన్నాడు దుల్హాభాయ్. మూడు నెలలు నేను ఒప్పుకున్నాను. (మా బేగంకు ఈ సంగతి ఇది చదివాకే తెలుస్తుంది.) మిగతా ఐదు నెలలది చేరే ముందే బ్యాంకులో వేసి చూపించమన్నాం వాడిని. మొహం చిన్నబుచ్చుకున్నాడు, కానీ సరేనన్నాడు.

అంతసేపూ నోరు విప్పని ఆపా గిన్నెలు తీస్తూ ఒక్కటే అడిగింది. "జుమ్మాకు పంపిస్తారంటనా వాళ్లు?"

"పంపిస్తారు అమ్మీ, పదకొండున్నరకు రాకెట్ లేకుంటే."