సంక్రాంతి లెక్క

మా చోడవరంలో ట్రాక్టరుకి ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే "మొన్న సంక్రాంతికి" అంటారు. బండీ నడిచిపోతుంది. ప్రొపెల్లర్ దగ్గర ఈ లెక్క కుదరదు.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియం చేసిన నేవీ టీయూ-142 చూశారుగా? 4 ఇంజిన్లు, ఒక్కోదానికి వ్యతిరేక దిశల్లో తిరిగే 2 ప్రొపెల్లర్లు, మొత్తం 32 బ్లేడ్లు. ఏ బ్లేడు అంచుకైనా చిన్న రాయి తగిలి నొక్కు పడితే పగులు అక్కణ్ణుంచే మొదలవ్వొచ్చు. నొక్కుని ఆకురాయితో నునుపు చేసి, ఎక్కడ, ఎంత అరగదీశారో లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. ప్రొపెల్లర్ వేరే విమానానికి మారితే దాని పుస్తకమూ వెంట వెళ్తుంది.

2017లో ఈ విమానాలు రిటైరైనప్పుడు, ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరాయని అందరూ మెచ్చుకున్నారు. నాకైతే ఆ గంటలు రాసిపెట్టినవాళ్లే గుర్తొస్తారు. లోహం ఎంత అలిసిందో కంటికి కనబడదు కదా! పుస్తకం పోయిందంటే, బ్లేడు ఎంత మెరుస్తున్నా దాని వయసు చెప్పేవాళ్లుండరు.