గుంట గట్టు నుంచి గొలగమూడికి

నెల్లూరు జిల్లా ముత్తుకూరు దాటి కృష్ణపట్నం వైపు పోతుంటే రోడ్డు పక్కన రొయ్యల గుంటలు కనిపిస్తూనే ఉంటాయి. రాత్రయితే ఆ నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల రొదే. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి దాన్ని హరించేస్తాయి. తెల్లవారుజామున అది అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి జనరేటర్ మొరాయించిందా, పెట్టుబడంతా తెల్లారేసరికి చచ్చి తేలుతుంది. మందులు లేకుండా నిద్ర తెచ్చుకోవడం గురించి రాయాలనుకుని నేను ముందు ఆసుపత్రికి పోలేదు, గుంట గట్టుకే పోయాను.

గట్టు మీది షెడ్డులో యాభై దాటిన రైతు. చేతిలో టార్చి, నులకమంచం కింద మేత చూసే చెక్‌ట్రేలు. "మోటారు తిరగతా ఉంటే నిద్ర పడతాది సామీ. ఆగిందంటే దిగ్గున లేస్తా. పంట పట్టేసినాక ఇంటికాడ పండుకుంటే ఏ మోతా ఉండదు గదా, అయినా మూడింటికి కళ్లు తెరుచుకుంటాయి," అన్నాడు. కొన్నాళ్లకని రాసిచ్చిన నిద్రమాత్రను రెండేళ్లు మింగాడట. ఆల్‌ప్రజోలం వంటివి అలవాటైతే వదలవు, ఉన్నపళంగా ఆపితే ఉన్న నిద్రా పోతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేదీ ఆ మందే, మానేసిన వాళ్లు ఎలా వణికిపోతారో అక్కడి డాక్టర్లకు బాగా తెలుసు. ఈయన డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుని బయటపడ్డాడు. నిద్ర మాత్రం తిరిగి రాలేదు. "శనివారం గొలగమూడి పోతే పండుకున్నదే తెలవదు," అన్నాడు చివర్లో.

ఆ శనివారం నేనూ వెళ్లాను. వెంకటాచలం మండలంలోని ఈ ఊరు అవధూత వెంకయ్యస్వామి సమాధితో పేరుపొందింది. స్వామి 1982 ఆగస్టు 24న సమాధి అయ్యారు. అప్పటి నుంచీ జనం వచ్చి ఇక్కడ నిద్ర చేసి వెళుతున్నారు. చాపలు, దుప్పట్లు, సద్ది మూటలు. నా పక్కన ఒక అవ్వ చెప్పులను సంచిలో చుట్టి తలకింద పెట్టుకుంది. అవతల పసిబిడ్డ ఏడుపు. "ఓం నారాయణ ఆది నారాయణ" అంటూ సన్నగా నామం. లైట్లు ఆర్పరు, దోమలు ఊరుకోవు. మంచి నిద్రకు చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి అని పత్రికల్లో రాసే వాళ్లు (నేనూ రాశాను) ఇక్కడికొచ్చి చూడాలి. రైతు కండువా ముఖం మీద కప్పుకుని, రెండు మాటలు మాట్లాడి, మూడో మాటకు గురక పెట్టాడు.

భక్తులు దీన్ని స్వామి మహిమ అంటారు. వాళ్లతో నాకు వాదం లేదు. జబ్బుపడ్డవాళ్లు గుళ్లో రాత్రి నిద్రించడం ప్రాచీన గ్రీసులోనూ ఉండేది, ఎపిడారస్‌లోని ఆస్‌క్లెపియస్ ఆలయానికి అందుకే పోయేవారు. అయితే వైద్యం కూడా ఇందులో ఒక సంగతి పట్టుకుంది. నెలల తరబడి దొర్లిన పడక చివరికి దిగులుకు అలవాటైన చోటుగా మారిపోతుంది. పక్క చూడగానే ఒళ్లు మేలుకుంటుంది. అలాంటివాళ్లలో చాలామందికి కొత్తచోట హాయిగా పడుతుంది. పైగా గొలగమూడిలో నిద్రపోయి తీరాలన్న పంతం ఎవరికీ ఉండదు. పట్టకపోతే నామం చెప్పుకుంటారు, అంతే.

రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1972లో చెప్పిన పద్ధతి ఈ సంగతి మీదే నిలబడింది. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కాలి. కాసేపటికీ పట్టకపోతే లేచి మరో చోట కూర్చోవాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. తర్వాత ఆర్థర్ స్పీల్‌మన్ దానికి ఇంకొకటి చేర్చాడు: నిజంగా పడుతున్న నిద్ర ఐదున్నర గంటలైతే పక్క మీద ఉండేదీ సుమారుగా అంతే, కుదురుకున్నాక కొద్దికొద్దిగా పెంచాలి. మొదటి వారాలు నరకం. పగలు కునుకు ముంచుకొస్తుంది కాబట్టి బండి నడిపేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. పెద్దల్లో దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ పద్ధతులు కలిసిన శిక్షణే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో తేల్చింది. ముంగేర్‌లోని బీహార్ యోగ విద్యాలయం నుంచి సత్యానంద సరస్వతి ప్రచారం చేసిన యోగనిద్ర కూడా పనికొస్తుంది. వెల్లకిలా పడుకుని ఒళ్లంతా ఒక్కో భాగంగా మనసుతో తడమడమే అది. గడియారం చూస్తూ చేస్తే మాత్రం దండగ.

నా మటుకు నాకు తోచింది చెబుతాను. గొలగమూడి శనివారం ఒక రాత్రిని నిలబెడుతుంది, మిగిలిన ఆరు రాత్రులను మార్చలేదు. రైతు ఒక్కడే గుంట కాపలా కాస్తున్నంతకాలం ఏ పద్ధతీ పూర్తిగా పనిచెయ్యదు. కరెంటు పోతే ఫోను మోగించే అలారం అమర్చుకోవాలి, పక్క గుంటవాళ్లతో కలిసి రాత్రులు వంతులేసుకోవాలి. వంతు లేని రాత్రుల్లోనైనా ఇంట్లో పడుకుని ఒకే వేళకు లేవాలి. ఈ మాట చెబితే రైతు నవ్వి, "పక్క గుంటోడిని నమ్మేదెట్టా?" అన్నాడు. అదీ నిజమే.

గురక మధ్యలో ఊపిరి ఆగి ఎగశ్వాసతో లేచేవాళ్లకు గుడి నిద్రా, యోగనిద్రా చాలవు. అది వేరే జబ్బు, పరీక్ష చేయించుకోవాలి. దిగులు వల్లే నిద్ర పోయిందనుకునే వాళ్లకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ ఉంది. 14416కి చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, తెల్లవారుజామున మూడింటికి కూడా ఫోను ఎత్తుతారు.