జడత్వమనే మాటతో చిక్కు

తెలుగు పండితుడికి న్యూటన్ సూత్రాలతో పనేమిటని చదువరులలో ఎవరైనా అడగవచ్చు. పని ఉన్నది. తొమ్మిదో తరగతి పిల్లలు గమన నియమాల దగ్గర తడబడటానికి సగం కారణం లెక్కలు కావు, మాటలు.

జడత్వం అన్న మాటనే తీసుకోండి. అది వినగానే ఆడపిల్లలు నవ్వుతారు. వాళ్ళెరిగిన జడ వీపు మీద వేలాడేది. అది అచ్చతెలుగు జడ. ఇది సంస్కృతంలోని జడం, చలనము లేనిది. నవ్వు సద్దుమణిగాక అసలు చిక్కు మొదలవుతుంది. చలనం లేనిదే జడమైతే పరుగెత్తే బస్సుకు జడత్వమేమిటి? నిలిచినది నిలిచే ఉంటుంది. కదిలేది, బయటి బలమేదో వచ్చి మార్చేదాకా, అదే వేగంతో అదే దిశలో సాగుతుంది. ఈ రెండో సగాన్ని ఆ పేరు మింగేసింది. త్వరణమూ అంతే. త్వర అంటే తొందర గనుక, వేగం తగ్గడం కూడా త్వరణమేనంటే పిల్లలు నమ్మరు. ప్రతిచర్య మరీ మోసకారి. ప్రతీకారంలాగా ముందొకటి జరిగి, తరువాత బదులు తీర్చుకున్నట్లు ధ్వనిస్తుంది. నిజానికి రెండూ ఒకే క్షణాన పుడతాయి. పరిభాష కూర్చిన పెద్దలను నేను తప్పుపట్టను. అంతకన్న మంచి మాటలు నా దగ్గరా లేవు. మాట ఎక్కడ దారి తప్పిస్తుందో కూడా పిల్లలకు చెప్పాలంటాను, అంతే.

మా కలిదిండి 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోకి మారింది. జిల్లా మారినా చేపల చెరువులు మారలేదు. సాయంత్రాలు మా అరుగు మీదికి నలుగురైదుగురు పిల్లలు వస్తారు. వారిలో ఒకడు తెల్లవారుజామున చెరువులో మేత పడవ నడిపి బడికి పోతాడు. తోటివాళ్ళు వానికి పెట్టిన పేరు మొద్దు. "పదో తరగతికి పోనండీ, చెరువు మీదే ఉండిపోతాను" అన్నాడు ఒకనాడు. తండ్రికీ అదే నయమనిపించింది. అప్పులున్న ఇంట నెలనెలా వచ్చే కూలి చిన్నది కాదు.

నేను హితబోధ చేయలేదు. పడవ సంగతి అడిగాను.

"గెడ వేయడం మానితే పడవ అక్కడికక్కడే ఆగుతుందా?"

"లేదండీ, కొంత దూరం పోయి ఆగుద్ది."

"ఎందుకాగింది?"

"నీళ్ళు పట్టుకుంటాయి గదండీ."

"నీళ్ళు పట్టుకోకపోతే?"

చాలాసేపు ఊరుకుని, "పోతానే ఉంటదేమో మాస్టారూ" అన్నాడు. వస్తువు కదులుతుండాలంటే నిత్యం తోస్తూనే ఉండాలన్నది అరిస్టాటిల్ మతం. శతాబ్దాల పాటు పండితులు నమ్మిన ఆ మాటను గెలీలియో కదిలించాడు. ఈ కుర్రవాడు గెడ పట్టుకుని అక్కడికే చేరాడు.

తవుడు బస్తాల పడవా, ఖాళీ పడవా, ఒకే తోపుకు ఏది ముందు ఊపందుకుంటుందో వాని భుజాలకు తెలుసు. నిండు పడవను ఆపడమూ కష్టమేనని వాడే చెప్పాడు. రెండో నియమానికి అంతకంటే ఉపోద్ఘాతం అక్కరలేదు.

మూడో నియమం దగ్గర నిలదీశాడు. "నేలను నేనెంత నెడితే నేలా అంతే నెడుద్దంటారు. రెండూ సమానమైతే చెల్లుకు చెల్లు గదండీ, పడవెట్టా కదులుద్ది?"

ఈ సందేహం రానివాడికి ఆ నియమం పట్టుబడలేదనే నా అభిప్రాయం. ఇక్కడ నా వ్యాకరణం అక్కరకు వచ్చింది. పలక మీద రెండు వాక్యాలు రాయించాను. గెడ నేలను నెట్టింది. నేల గెడను నెట్టింది. మొదటిదానిలో కర్మ ఏదిరా అంటే నేల అన్నాడు. రెండోదానిలో గెడ అన్నాడు. కర్మలు వేరైనచోట చెల్లు ఎక్కడిది? పొరుగువాని బాకీ నీ జమతో తీరదు కదా! ఒకే వస్తువు మీద పడిన బలాలనే కూడాలి, తీసివేయాలి. నేల నెట్టిన నెట్టు గెడ గుండా వానికి, వాని పాదాల గుండా పడవకు అందుతుంది. 1687 నాటి ప్రిన్సిపియాలో న్యూటన్ ఈ నియమానికి చూపిన దృష్టాంతాలలో ఒకటి, తాడు కట్టి రాయిని లాగే గుర్రం. ఆ దొరకు గుర్రం కనబడింది, మనకు పడవ ఉన్నది.

"అయితే నేను నెట్టినందుకు భూమి కూడా కదులుద్దా అండీ?"

కదులుతుందన్నాను. కాకపోతే దాని ద్రవ్యరాశి దాదాపు 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలు గనుక ఆ కదలిక ఏ కొలతకూ అందదు. వాడు పలక నిండా సున్నాలు చుట్టి, లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని మళ్ళీ చుట్టాడు.

వారం తిరిగాక వాని తండ్రి వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. "పదో తరగతి చదవనిమ్మంటారా మాస్టారూ?" అన్నాడు. చదవనివ్వమన్నాను. "పొద్దుటి మేత మాత్రం తప్పదండి" అని లేచి వెళ్ళాడు.